ఏటి అవతలి ఊరు పొరుగూరా, పరదేశమా? కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర ఒక పల్లె నుంచి, రాష్ట్రాల సరిహద్దులో ఫోన్ కాల్స్ దారి తప్పుతున్న సంగతి గురించి రాస్తున్నాను. టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన వాణ్ని. ఇంగ్లిషు ప్రతి మీ కార్యాలయానికి పోస్టులో పంపాను. మా సరిహద్దు ఊళ్ల వాళ్లు కూడా చదవాలని, వాళ్ల అనుభవాలు వాళ్లు చెప్పాలని ఇదే సంగతి తెలుగులో ఇక్కడ పెడుతున్నాను.

కిందటేడు వానాకాలం, ఒక రాత్రి పదకొండు దాటాక మా వదినకి మూతి వంకరపోయింది. ఎడమ చెయ్యి లేవడం లేదు. పక్షవాతం అని చూడగానే తెలిసిపోయింది. అంబులెన్సు నంబరుకి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి తెలుగులోనే ఎత్తింది. "ఏ మండలం అండీ?" అంది. మాకు మండలాలు లేవమ్మా, బ్లాకులుంటాయి అన్నాను. జిల్లా అడిగింది, గజపతి అన్నాను. "ఆ జిల్లా నా దగ్గర రావట్లేదు సార్" అంది. అప్పటికి గాని నాకు తట్టలేదు. మా వీధి చివర నిలబడితే ఆంధ్రా వైపు టవరు మీది ఎర్రదీపం కనబడుతుంది. ఫోను ఆ టవరుని పట్టుకుంది, కాల్ అవతలి రాష్ట్రానికి వెళ్లింది. మా అన్నయ్య కొడుకు ఫోను పట్టుకుని చెరువుగట్టు మీదికి పరుగెత్తాడు. ఒడిశా టవరు అందాక మళ్లీ చేశాడు. ఈసారి ఒడియాలో ఎత్తారు, వాడు చెప్పగలిగాడు. ఈలోగా మేము పక్కింటి వాళ్ల ఆటోలో వదినని ఎక్కించేశాం. ముప్పావుగంట పోయింది. ఆవిడ బతికింది. ఆ చెయ్యి మాత్రం ఇప్పటికీ పూర్తిగా లేవదు.

ఫోను ఎత్తిన ఆ అమ్మాయి తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. నా గోడు విని, తనే కంగారుపడింది. కాల్‌ని ఇవతలి రాష్ట్రం సెంటరుకి మార్చే వీలు ఆమె చేతిలో లేదు. ఆ వీలు ఎక్కడ పుట్టాలో నాకు తెలుసు గనక ఈ లేఖ రాస్తున్నాను.

రెండు ఫోన్ కంపెనీల మధ్య ఇంటర్‌కనెక్షన్ ఒప్పందం ఉంటుంది. ఒకరి నెట్‌వర్కు నుంచి వచ్చిన కాల్‌ని రెండోవారు ఎక్కడ అందుకోవాలి, ఎన్ని పోర్టులు (రెండు నెట్‌వర్కుల్ని కలిపే లైన్ల చోట్లు) ఇవ్వాలి, ఎవరు ఎవరికి ఎంత కట్టాలి అన్నది అందులో రాసుకుంటారు. దానికంతటికీ ముందు నిర్వచనాలుంటాయి. ఈ ఒప్పందం కిందికి వచ్చే ట్రాఫిక్ ఏది? లోకల్ ఏది, ఎస్టీడీ ఏది, విదేశీ కాల్ ఏది, ఒకరి మీదుగా మరొకరికి వెళ్లే ట్రాన్సిట్ కాల్ ఏది, అత్యవసర నంబర్లు ఏ లెక్కలోకి వస్తాయి? నిర్వచనంలో ఉన్న కాల్‌కి దారి ఉంటుంది, దానికోసం పోర్టు పెడతారు. రెండు నెట్‌వర్కులు కలిసే చోట రద్దీ వల్ల నూటికి అర, అంటే 0.5 శాతం కంటే ఎక్కువ కాల్స్ తప్పిపోకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రమాణం కూడా ఉంది. నిర్వచనం బయట పడిన కాల్ గురించి ఎవరూ జవాబు చెప్పరు. ఎంతసేపు మాట్లాడితే ఒక యూనిట్ ఛార్జి పడుతుందో దాన్ని మేము పల్సు అంటాం. మా ఎక్స్‌ఛేంజిలో పెద్ద ఇంజినీరు ఒకాయన అనేవారు, మీటరు తిరిగేది పల్సుతో కాదయ్యా, ఒప్పందంలో మాటతో అని. ఆయన మాట అక్షరాలా నిజమని తర్వాత దేశమంతా చూసింది. ఇంట్లో ఒకచోట పెట్టుకునే వైర్‌లెస్ ఫోను స్థిరమైనదా, కదిలేదా అన్న ఒక్క ప్రశ్న మీద కంపెనీలు టెలికాం వివాదాల ట్రిబ్యునల్‌కి ఎక్కి, 2008లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి.

ఇప్పుడు ఉచిత కాల్సే కదా, ఇంకా ఈ నిర్వచనాల గొడవ దేనికి అని మీ అధికారులు అడగవచ్చు. ఒక మొబైలు కంపెనీ కాల్‌ని మరో కంపెనీ అందుకున్నందుకు కట్టే టెర్మినేషన్ ఛార్జి ఒకప్పుడు నిమిషానికి 30 పైసలు. 2009లో 20, 2015లో 14, 2017లో 6 పైసలైంది. 2021 జనవరి 1 నుంచి సున్నా. ఇది మంచి పనే, కాదనను. కాని ఫోను సేవల కోసం దేశాన్ని సర్కిళ్లుగా, చాలావరకు రాష్ట్రాల వారీగా, విడదీశారు. ఒక సర్కిల్ నుంచి మరో సర్కిల్‌కి కాల్ మోసే కంపెనీకి క్యారేజి ఛార్జి వేరే ఉంది. 2015లో దాని గరిష్ఠ పరిమితిని 65 పైసల నుంచి 35కి దించారు, తీసెయ్యలేదు. ఛార్జి సంగతి పక్కన పెట్టినా దారి సంగతి మిగులుతుంది. పర్లాకిమిడికీ ఆంధ్రాలోని పాతపట్నానికీ మధ్య మహేంద్రతనయ ఏరు, నాలుగడుగుల నేల. మేము బజారుకి వెళ్తాం, పిల్లనిస్తాం, తెచ్చుకుంటాం. కాల్ మాత్రం ఒడిశా సర్కిల్ దాటి ఆంధ్ర సర్కిల్‌లోకి పోయే దూరపు కాల్ కిందే లెక్క. బరంపురం వాళ్లకి ఇచ్ఛాపురం, రాయగడ వాళ్లకి పార్వతీపురం, మహారాష్ట్రలో సిరొంచ వాళ్లకి గోదావరి అవతలి కాళేశ్వరం, అందరిదీ ఇదే తీరు.

ల్యాండ్‌లైన్ ఏలిన రోజుల్లో కూడా దీనికి ఒక దారి చూశారు. 50 కిలోమీటర్ల లోపు దూరానికి 180 సెకన్ల పల్సు పెట్టారు, లోకల్ కాల్‌కి ఉన్న పల్సే. కొలిచింది దూరాన్ని. మొబైలు వచ్చాక కొలత సర్కిల్‌కి మారింది. రోమింగ్ ఛార్జీల కాలంలో ఫోను అవతలి టవరుని పట్టుకుంటే, మా ఊళ్లో సొంత అరుగు మీద కూర్చుని ఇన్‌కమింగ్ ఎత్తినా బ్యాలెన్సు తరిగేది. కూలి డబ్బులతో పది రూపాయల రీచార్జి చేయించుకున్న ఆడవాళ్లు ఎక్స్‌ఛేంజికి వచ్చి నన్ను అడిగేవారు, నేనే ఏదో చేసినట్టు. వాళ్లకి జవాబు చెప్పలేక తలదించుకున్నాను. ఆ బాధ ఇంకా పోలేదు.

సర్కిల్ గీతలు మార్చరానివి కావు. ఢిల్లీ సర్కిల్లో హర్యానాలోని గుర్గావ్, ఫరీదాబాద్, ఉత్తరప్రదేశ్‌లోని నోయిడా, ఘజియాబాద్ ఉన్నాయి. అక్కడి జనం రోజూ అటూఇటూ తిరుగుతారు గనక రాష్ట్రాల హద్దుల్ని పక్కన పెట్టారు. తెలంగాణ వేరే రాష్ట్రమై ఇన్నేళ్లయినా ఆంధ్ర సర్కిల్లోనే ఉంది. రాజధాని పక్క ఊళ్లకి ఇచ్చిన మన్నన, ఒడిశా వేరుపడిన 1936 నుంచి సరిహద్దు మీద బతుకుతున్న మాకూ ఇవ్వండి.

మమ్మల్ని ఆంధ్ర సర్కిల్లో కలపమని అడగడం లేదు. ఒప్పందాల్లో 'సరిహద్దు కాల్' అని ఒక తరగతి రాయించండి. కాల్ ఛార్జీల లెక్క కోసం ఇప్పటికే దేశాన్ని చిన్న చిన్న ఛార్జింగ్ ఏరియాలుగా విడదీసిన పటం మీ శాఖ దగ్గరుంది. సర్కిళ్లు వేరైనా ఛార్జింగ్ ఏరియాలు ఆనుకుని ఉంటే వాటి మధ్య కాల్‌ని లోకల్‌గా లెక్కపెట్టి, దగ్గరి దారిలో అందజేయాలని ట్రాయ్ చేత నియమం పెట్టించండి. అందరికంటే ముందు అత్యవసర కాల్స్. సరిహద్దు టవర్లకి వచ్చిన అలాంటి కాల్‌ని, మనిషి ఉన్న చోటు వివరంతో సహా, పక్క రాష్ట్రం సెంటరుకి అప్పటికప్పుడు మార్చడం ఒప్పందంలో ఉన్న ట్రాఫిక్ అని, దానికి ఎవరూ ఎవరికీ పైసా కట్టనక్కర్లేదని స్పష్టంగా రాయాలి. కరెంటు ఫిర్యాదు లాంటి చిన్న నంబర్లకీ ఇదే వర్తించాలి.

తుఫానుల మాట కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, మా గజపతి కొండల్ని కొండచరియలతో ముంచింది. ఇలాంటప్పుడు ఒక కంపెనీ టవరు పడిపోతే మరో కంపెనీ టవరు వాడుకోనిచ్చే ఏర్పాటుకి ఇంట్రా సర్కిల్ రోమింగ్ అని పేరు. 'సర్కిల్ లోపల' అన్న ఆ మాట దగ్గరే నాకు గుండె ఆగుతుంది. ఇవతల టవర్లన్నీ పడిపోయి అవతల ఏ కంపెనీది నిలబడినా మా ఫోన్లు దాన్ని పట్టుకోగలగాలి. సరిహద్దు తాలూకాల వరకు ఆ మాటలోకి పక్క సర్కిల్ కూడా వచ్చేలా రాయండి.

మా ఊళ్ల నుంచి, శ్రీకాకుళం జిల్లా నుంచి ఎందరో కుర్రాళ్లు గల్ఫ్‌లో ఉన్నారు. వాళ్లు చేసిన కాల్ ఒక్కోసారి ఏదో లోకల్ నంబరుతో మోగుతుంది. విదేశీ కాల్‌కి టెర్మినేషన్ ఛార్జి 35 నుంచి 65 పైసల మధ్య ఉంది, దేశీయ కాల్‌కి సున్నా. ఆ తేడా కోసం సిమ్ బాక్సులు, అంటే బోలెడు సిమ్ కార్డులు దూర్చిన పెట్టెలు పెట్టి విదేశీ కాల్‌ని లోకల్‌గా మార్చేవాళ్లున్నారు. మోసం కాల్ అని భయపడి తల్లులు ఫోను ఎత్తరు, కొడుకు అక్కడ బెంగపెట్టుకుంటాడు. కాల్ ఏదన్నది కనిపించే నంబరుని బట్టి కాక, పుట్టిన చోటుని బట్టి తేలాలి. ఆ రుజువు చూపే బాధ్యత కాల్‌ని అప్పగించే కంపెనీదే అని నిర్వచనంలోనే ఉండాలి.

ఆ నిర్వచనాల పేజీలు మాకు అర్థమయ్యే తెలుగులో, ఒడియాలో, మరాఠీలో ప్రచురించండి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు వాడుకభాష కోసం, అడవిలోని సవరల భాష కోసం జీవితమంతా ధారపోశారు. ఆ ఊరి పక్కనే ఉంటూ, నా కాల్ ఏ ఖాతాలో పడుతుందో నా భాషలో తెలియజెప్పమని అడగడం నా హక్కు అనుకుంటున్నాను.

మీ శాఖ నుంచి ఒక ఇంజినీరుని పంపండి. మా వీధి చివర నుంచి చెరువుగట్టు దాకా నేను తోడు నడుస్తాను. ఏ అడుగు దగ్గర సర్కిల్ మారుతుందో ఫోను చేతిలో పెట్టి చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టెలిఫోను ఉద్యోగి
పర్లాకిమిడి ప్రాంతం, గజపతి జిల్లా, ఒడిశా