రేంజ్‌ఫైండర్ కెమెరాకు హుడ్ అలంకారం కాదు

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండ, వరంగల్ ప్రాంతాల యువతలో ఫిల్మ్ కెమెరాలపై మళ్లీ మక్కువ పెరుగుతోంది. ఇంటి బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉన్నవో, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవో, యాషికా ఎలక్ట్రో 35, కెనానెట్ వంటి రేంజ్‌ఫైండర్ కెమెరాలు (లెన్స్ గుండా కాక, వేరే చిన్న కిటికీ గుండా చూసి ఫొటో తీసేవి) వేయిస్తంభాల గుడి దగ్గరా, కోటలోని తోరణాల దగ్గరా కనిపిస్తున్నాయి. ఇదే రకానికి చెందిన డిజిటల్ లైకా వాడేవారూ కొందరు ఉన్నారు. అయితే ఈ కెమెరాల్లో చాలావాటికి లెన్స్ హుడ్, అంటే పక్క వెలుతురు పడకుండా లెన్స్ ముందు తగిలించే గొట్టంలాంటి తొడుగు, ఉండడం లేదు. ఫొటోలు పాలిపోయి వస్తే రీలు పాతదనీ, ల్యాబ్‌వాళ్లు సరిగా కడగలేదనీ, లెన్స్‌లో పస లేదనీ అనుకుంటున్నారు. ఆ నిర్ణయానికి వచ్చే ముందు లెన్స్ ముఖానికి నీడ ఉన్నదా లేదా అని చూసుకోవలసిందిగా మీ పత్రిక ద్వారా వారికి మనవి చేస్తున్నాను.

ఫ్రేములో ఉన్న దృశ్యం నుంచి వచ్చే వెలుతురుతోనే ఫొటోకు పని. ఫ్రేముకు బయట ఉన్న సూర్యుడి నుంచో, ఆకాశం నుంచో ఏటవాలుగా వచ్చి ముందు అద్దం మీద పడే వెలుతురు లెన్స్ లోపలి అద్దాల మధ్య అటూ ఇటూ ప్రతిఫలించి, చివరకు ఫిల్మ్ మీదనో సెన్సార్ మీదనో పలుచని తెరలా పరుచుకుంటుంది. పూత లేని అద్దం ఒక్కొక్క ముఖం దగ్గర సుమారు 4 శాతం వెలుతురును వెనక్కి పంపుతుంది. 1930లలో జర్మనీకి చెందిన జైస్ లెన్సుల సంస్థలో రూపొందిన పూత ఈ బెడదను బాగా తగ్గించినా పూర్తిగా తొలగించలేదు. ఈ అదనపు వెలుతురు తెల్లని భాగాల్లో పెద్దగా తెలియదు. అసలే వెలుతురు తక్కువగా ఉన్న నల్లని భాగాల్లో మాత్రం అదే ఎక్కువై, నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది.

ఈ నష్టం ఎంతటిదో రామప్ప గుడిలో చూడవచ్చు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ ఆలయంలో, చూరు కింద నిలిచిన మదనికల (స్త్రీ శిల్పాల) అందమంతా నల్లరాతి నునుపులోనే ఉంది. మెడలోని హారానికీ మెడకూ మధ్య ఉన్న సన్నని నీడ, నడుము ఒంపులో మెరుపు నుంచి నలుపుకు జారే రాతి ఛాయ, ఇవి నిలిస్తేనే ఆ శిల్పం ఫొటోలో నిలుస్తుంది. కింద నిలబడి కెమెరాను పైకెత్తినప్పుడు, ఫ్రేములో ఆకాశం లేకపోయినా, చూరుకు పైనా పక్కనా ఉన్న తెల్లని ఆకాశమంతా లెన్స్‌ను తాకుతూనే ఉంటుంది. మబ్బు పట్టిన రోజున ఎండ లేదు కదా అని హుడ్ తీసేసేవారు ఈ సంగతి గమనించాలి. హుడ్ లేకుండా ఒకటి, హుడ్‌తో ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటిదానిలో హారం కింది నీడ రాతిలో కలిసిపోయి ఉంటుంది.

ఎస్సెల్లార్ కెమెరాకూ హుడ్ మంచిదే. అయినా నేను రేంజ్‌ఫైండర్ గురించే ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. ఎస్సెల్లార్‌లో లెన్స్ గుండానే చూస్తాం కనుక దృశ్యం వెలిసిపోతే అప్పుడే కంటికి తెలిసి, ఒక అడుగు పక్కకు జరుగుతాం. రేంజ్‌ఫైండర్‌లో మనం చూసే కిటికీ వేరు, ఫొటో తీసే లెన్స్ వేరు. లెన్స్ ముఖం మీద ఎండ పడుతున్నా కిటికీలో గుడి నిగనిగలాడుతూనే కనిపిస్తుంది. డిజిటల్ కెమెరా అయితే తీసిన తర్వాత వెనుక తెర మీద చూడవచ్చు కానీ, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ తెర మీద ఏమి కనిపిస్తుంది? ఫిల్మ్ వాడేవారికైతే రీలు కడిగి వచ్చాకే తెలుస్తుంది. అందువల్ల రేంజ్‌ఫైండర్‌కు హుడ్‌ను అవసరమైనప్పుడు తగిలించేదిగా కాక, ఎప్పుడూ ఉంచేదిగా చూడాలి.

హుడ్ అని పేరున్నదల్లా పనికిరాదు. 50 మిల్లీమీటర్ల లెన్స్ కోసం చేసిన లోతైన హుడ్‌ను, అంతకన్నా వెడల్పుగా చూసే 28 మిల్లీమీటర్ల లెన్స్‌కు తగిలిస్తే ఫొటో మూలలు నల్లబడతాయి. షట్టర్‌ను బి (మీట నొక్కినంతసేపూ తెరిచి ఉంచే అమరిక) మీద పెట్టగల ఫిల్మ్ కెమెరా అయితే, రీలు వేయక ముందే వెనుక మూత తెరిచి, షట్టర్‌ను తెరిచి పట్టుకుని, ఫిల్మ్ ఉండే చట్రపు మూలల నుంచి లెన్స్ గుండా చూస్తే హుడ్ అంచు అడ్డొస్తున్నదో లేదో తెలిసిపోతుంది. పెద్ద హుడ్ వ్యూఫైండర్‌లో, అంటే మనం చూసే కిటికీలో, కింది మూలను కప్పేస్తుందన్న ఫిర్యాదు న్యాయమైనదే. అందుకే పక్కన కిటికీల్లాంటి ఖాళీలు వదిలిన హుడ్‌లు వచ్చాయి. ఆ ఖాళీల గుండా దృశ్యం కొంత కనిపిస్తుంది.

సూర్యుడు ఫ్రేములోనే ఉంటే ఏ హుడ్ కూడా ఏమీ చేయలేదు. ముందు అద్దం మీద వేలిముద్రలు ఉన్నా, లోపల మసకగానీ బూజుగానీ పట్టినా అంతే. రాత్రి పూట దీపాలను తీసేటప్పుడు, సెన్సార్ నుంచి తిరిగి వచ్చిన వెలుతురు, లెన్స్ ముందు తగిలించిన ఫిల్టర్ చదునైన అద్దానికి తగిలి ఒక్కో దీపానికి ఒక దొంగ దీపాన్ని పుట్టిస్తుంది. దానికి మందు ఫిల్టర్ తీసేయడమే. 2006లో వచ్చిన లైకా ఎం8కు మాత్రం రంగులు సరిగా రావడానికి పరారుణ కిరణాలను ఆపే ఫిల్టర్ అవసరమవుతుంది కనుక, అది వాడేవారికి ఈ వెసులుబాటు లేదు.

పాత కెమెరాలు అమ్మే దుకాణదారులకు ఒక విన్నపం. లెన్స్ ముందు హుడ్ బిగించే మర కొలత చూస్తే, యాషికా ఎలక్ట్రో 35 జీఎస్ఎన్‌కు 55 మిల్లీమీటర్ల మర, కెనానెట్ క్యూఎల్17 జీ3కి 48 మిల్లీమీటర్ల మర సరిపోతుంది. ఈ కొలతల్లో, ఆయా లెన్స్‌లకు తగిన లోతు గల హుడ్‌లు తెప్పించి కెమెరాతో పాటే అమ్మితే కొనేవారికి ఎంతో మేలు చేసినవారవుతారు. హుడ్ దొరికేదాకా, ఎండలో దూరానికి చూసేటప్పుడు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టే లెన్స్‌కూ అరచెయ్యి అడ్డం పెట్టవచ్చు. అయితే నీడ పడిందో లేదో వ్యూఫైండర్‌లో తెలియదు కనుక, చెయ్యి ఫ్రేములోకి రాకుండా పెట్టిన తర్వాత, లెన్స్ ముఖం మీద ఎండ పడుతున్నదో లేదో పక్కనున్న వారిని ముందు నుంచి చూసి చెప్పమనాలి.

ఇట్లు,
ఒక ఫొటోగ్రాఫర్,
హనుమకొండ