కాశీనగర్ ఆదివారం బడికి తోడు నిలిచిన అందరికీ

ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్పు ఫలితాలు వచ్చాయి. ఒడిశాలోని మా కాశీనగర్‌లో ఆదివారాలు నా దగ్గర కూర్చుని చదువుకున్న ఎనిమిదో తరగతి పిల్లల్లో ఐదుగురి పేర్లు జాబితాలో ఉన్నాయి. అప్పట్నుంచి ఫోన్లు ఆగట్లేదు. అందరూ నన్నే మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పులో ఎవరి వాటా వాళ్లకి అందాలని ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సర్కారు బడుల్లో, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకి ఎనిమిదిలో ఈ పరీక్ష పెడతారు. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. నెగ్గితే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు పిల్లల ఖాతాలోనే పడతాయి. పది అవగానే ఆడపిల్ల చదువు ఆపేద్దామా అని ఇంట్లో మాట వచ్చే వేళకి ఆ డబ్బు చాలా బలం. మా ఇంట్లో నా చదువు నిలబడింది ఈ స్కాలర్‌షిప్పు వల్లే.

అది నాకు వచ్చిందంటే మా అక్క పుణ్యం. తోడబుట్టింది కాదు. పర్లాకిమిడిలో డిగ్రీ చదువుతూ ఎన్ఎస్ఎస్ (కాలేజీ పిల్లల సేవా పథకం) క్యాంపుకి మా వీధికి వచ్చింది. క్యాంపు 7 రోజులే. కాలవలు తీశారు, మొక్కలు నాటారు, వెళ్లిపోయారు. అక్క మాత్రం పై ఆదివారం మళ్లీ బస్సు దిగింది. రమ్మన్నవాళ్లు లేరు, హాజరు వేసేవాళ్లూ లేరు. ఎన్ఎస్ఎస్ అంటే రెండేళ్లలో 240 గంటలు నింపి సర్టిఫికెట్ తీసుకోవడమేగా అని కొందరు తేలిగ్గా అంటారు. నేను ఒప్పుకోను. ఆ క్యాంపే లేకపోతే అక్కకి మా వీధి ఎక్కడుందో తెలిసేదే కాదు.

మాకు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. లెక్క వచ్చినా ప్రశ్న అర్థంకాక తప్పు పెట్టేవాళ్లం. అక్క ముందు తెలుగులో విడమరిచి చెప్పి, అదే ప్రశ్నని ఒడియాలో మా నోటితో చెప్పించేది. అద్దంలో గడియారం లెక్క నాకు ఎంతకీ ఎక్కేది కాదు. ఒకరోజు మా అమ్మ బొట్టు పెట్టుకునే అద్దం అడిగి తెచ్చి, పలక మీద గీసిన గడియారం పక్కన నిలబెట్టింది. పలక మీద 3:40, అద్దంలో 8:20. "రెండూ కూడు" అంది. పన్నెండు! ఇంకో టైము గీసింది. మళ్లీ పన్నెండే. ఇప్పుడు నేను పిల్లలకి ఈ లెక్క అలాగే చెప్తున్నాను, అదే అద్దంతో.

అక్కా, నువ్వు బరంపురం నుంచి పంపిన పాత ప్రశ్నపత్రాలు అన్నీ చేయించాను. కట్టలో ఒక్క కాగితం కూడా మిగల్లేదు.

రిటైరైన మా తెలుగు మాస్టారికి పాదాభివందనం. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర గిరిజనుల భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టిన సంగతి ఆయన చెబుతుంటే పిల్లలు కదలకుండా వింటారు. ఈసారి ఎంపికైనవాళ్లలో కొండ మీద నుంచి వచ్చే సవర పిల్ల కూడా ఉంది. ఆ మాట చెప్పగానే మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

కాగితం ఖర్చు మాత్రమే తీసుకుని రాత్రి పొద్దుపోయేదాకా జిరాక్సులు తీసిపెట్టిన బాబాయికీ, ఆదాయం సర్టిఫికెట్ల కోసం కూలి పోగొట్టుకోకుండా అమ్మలని బండి మీద తహసీల్ ఆఫీసుకి తీసుకెళ్లి తెచ్చిన కుర్రాళ్లకీ చాలా చాలా థాంక్స్. అన్నిటికన్నా నాకు కడుపు నిండిన సంగతి వేరే ఉంది. ముందు ఏళ్లలో స్కాలర్‌షిప్పు తెచ్చుకున్న పిల్లలు ఇప్పుడు ఇంటర్ చదువుతూ, నేను పిలవకముందే వచ్చి చిన్నవాళ్ల పక్కన కూర్చుంటున్నారు. మీ సొంత పరీక్షలు దగ్గర పడ్డాయి, ఇంటికి పొండి అన్నా వినరు.

ఎంపికైన పిల్లల అమ్మానాన్నలకి ఒక్క మాట: ఏటా పోర్టల్లో రెన్యూవల్ చేయించాలి, మరిచిపోకండి. కొత్త బ్యాచ్ రథయాత్ర అయ్యాక మొదలవుతుంది. ఆధార్‌లో పేరూ, బడి రిజిస్టర్లో పేరూ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒక్కోచోట ఒక్కోలా పడుతుంటాయి. తేడా ఉంటే పిల్లలతో పాటు ఆ కాగితాలు కూడా పట్టుకురండి, దగ్గరుండి సరిచేయిద్దాం.