కట్టు విప్పితే సరిపోదు, చూడటం నేర్పాలి

సంపాదకుడు గారికి,

పుట్టుకతోనే రెండు కళ్లలో శుక్లాలున్న పిల్లలకు ఆపరేషన్ అయ్యాక ఏం చేయాలన్నది మనం తగినంతగా పట్టించుకోవడం లేదు. సినిమాల్లో కట్టు విప్పగానే ఎదుటివాళ్లను గుర్తుపట్టేస్తారు. కన్నవాళ్లూ అదే ఆశతో కూర్చుంటారు. పిల్లవాడు అయోమయంగా చూస్తుంటే, ఆపరేషన్ ఫెయిలైందేమోనని వాళ్లకు ఒకటే టెన్షన్.

నేను డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెప్పినవాణ్ని. ఈ విషయం మీద మూడు వందల ఏళ్ల కిందటే పెద్ద చర్చ జరిగింది. డబ్లిన్‌కు చెందిన విలియం మాలినో 1688లో ఒక ప్రశ్న వేశాడు. ఆయన భార్యకు పెళ్లయిన కొద్ది కాలానికే చూపు పోయింది. గోళాన్నీ ఘనాన్నీ తడిమి పోల్చుకోగలిగిన పుట్టుగుడ్డికి చూపొస్తే, ముట్టుకోకుండా ఏది ఏదో చెప్పగలడా అని ఆయన అడిగాడు. చెప్పలేడన్నాడు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్. అనుభవం లేకుండా మనసులోకి ఏదీ రాదన్నది ఆయన వాదం. 1694లో తన గ్రంథం రెండో ముద్రణలో ఈ ప్రశ్నను చేర్చాడు. జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ ఒప్పుకోలేదు. ఘనానికి మూలలుంటాయి, గోళానికి ఉండవు, ఎదురుగా ఉన్నవి ఆ రెండేనని చెబితే ఆలోచించి పట్టేస్తాడన్నాడు. మన పాఠాల్లో లాక్ అంటే ‘పుట్టినప్పుడు మనసు ఖాళీ పలక’ అన్న ఒక్క ముక్కతో సరిపెడతాం. అసలు రుచి ఈ వాదనలోనే ఉంది.

1728లో లండన్ సర్జన్ విలియం చెసెల్డెన్, తాను ఆపరేషన్ చేసిన పదమూడేళ్ల అబ్బాయి గురించి రాశాడు. ఆ అబ్బాయికి కనిపించేవన్నీ కళ్లకు తగులుతున్నట్టే అనిపించేవట. పిల్లి ఏదో కుక్క ఏదో మాటిమాటికీ మర్చిపోయేవాడు. అడగడానికి సిగ్గుపడి, ఒకసారి పిల్లిని పట్టుకుని తడిమి, తేరిపార చూసి, ఇకమీదట నిన్ను గుర్తుపడతానులే అని చెప్పి దింపేశాడు.

తర్వాతి అధ్యాయం మన దేశంలోనే జరిగింది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ పవన్ సిన్హా ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’ బృందం, ఇక్కడ ఆపరేషన్‌తో చూపు పొందిన 8 నుంచి 17 ఏళ్ల అయిదుగురు పిల్లల్ని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించింది. చేత్తో తడిమినదాన్ని కంటితో పోల్చుకోవడం వాళ్లకు మొదట్లో చేతకాలేదు. లాక్ చెప్పిందే నిజమైంది. అయితే మళ్లీ పరీక్షించినప్పుడు, కొద్ది రోజుల్లోనే ఆ నేర్పు వచ్చిందని తేలింది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే.

శుక్లం దట్టంగా ఉంటే పుట్టిన కొద్ది వారాల్లోనే ఆపరేషన్ జరగాలి, అందులో రాజీ లేదు. కానీ పదేళ్లు దాటిన పిల్లవాణ్ని ‘ఇప్పుడేం లాభం’ అని తిప్పి పంపడం అన్యాయం. అందరిలా స్పష్టంగా కనిపించకపోవచ్చు, అయినా ఆ కాస్త చూపూ బతుకులో ఎంతో పనికొస్తుంది. అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందాలు చూడాల్సిన లోపాల్లో పుట్టుశుక్లం ఎలాగూ ఉంది. ఆపరేషన్ తర్వాత ఆ పిల్లల్ని దగ్గర్లోని, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి పంపి, చెంచా, బంతి, గ్లాసు వంటివి తడుముతూ చూడటం నేర్పించాలి. చూపు కుదురుకోవడానికి సమయం పడుతుందన్న సంగతిని డిశ్చార్జి కాగితంలో మందుల పక్కనే తెలుగులో రాయించాలని రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత సైకాలజీ లెక్చరర్, హనుమకొండ