మా నాన్నకీ అమ్మకీ అండగా నిలబడ్డవాళ్ళకి

అందరికీ నమస్కారం. ఈ పోస్ట్ ఎప్పుడో పెట్టాల్సింది, కానీ ఇంట్లో ఒక మనిషి మంచాన పడితే కూర్చుని నాలుగు లైన్లు రాసే తీరిక ఎక్కడ దొరుకుతుంది. తెనాలిలో ఉండే మా నాన్నకి పోయిన ఏడాది పక్షవాతం వచ్చిందని మీలో చాలామందికి తెలుసు. రిటైరైన లెక్కల మాస్టారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తుంది, బుర్ర మాత్రం ఎప్పటిలాగే లెక్కల మాస్టారి బుర్రే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. అన్నయ్య డల్లాస్‌లో, నేను హైదరాబాద్‌లో. ఆఫీసువాళ్ళు ఇంటి నుంచి పని చేసుకోమన్నారు కాబట్టి నేనొచ్చి ఇక్కడ ఉండగలిగాను, అందుకు మా మేనేజర్‌కి ముందుగా ఒక దండం.

పేర్లు రాయొద్దని అందరూ గట్టిగా చెప్పారు. అందుకే వరసలతోనే రాస్తున్నాను, ఎవరో వాళ్ళకి తెలుస్తుంది.

ముందు ఫిజియో తమ్ముడు. వ్యాయామం చేయించి డబ్బులు తీసుకుని వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. అతను మాత్రం మొదటివారం అంతా అమ్మకీ నాకూ పాఠం చెప్పాడు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపకూడదు, భుజం జారుతుంది, వీపు వెనక చెయ్యి వేసి లేపాలి, తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి గడ్డం కాస్త కిందికి వంచి మింగమనాలి, తిన్నాక వెంటనే పడుకోబెట్టొద్దు, ఇలా. నాన్నకి పల్చటి నీళ్ళు తాగితేనే పొలమారేది, చిక్కగా ఉన్నవి బాగానే దిగేవి. ఈ సంగతి విన్న పక్కింటి పిన్నిగారు ఆ రోజు నుంచి పొద్దున్నే రాగి జావ సరిగ్గా ఆ చిక్కదనంలో కాచి తెచ్చేవారు, గరిటె ఎత్తి పోస్తే జారుగా కాకుండా తెగి తెగి పడాలి, అలా. ఇప్పటికీ తెస్తున్నారు. వద్దంటే కోపం.

రాత్రి పూట ఉండే అక్క గురించి ఎంత రాసినా తక్కువే. అంతకుముందు ఒక ఏజెన్సీకి అడ్వాన్స్ కట్టాం, మనిషీ రాలేదు, డబ్బూ రాలేదు, ఆ గోల ఇప్పుడెందుకులెండి. ఈ అక్కని పాల అబ్బాయి తీసుకొచ్చాడు. ఒకరోజు తెల్లవారుజామున నన్ను లేపి, ఫోన్ లైట్ వేసి, నాన్న నడుము కింద చిన్న ఎర్రటి మచ్చ చూపించింది. "వేలుతో నొక్కి చూడమ్మా, మామూలు ఎరుపైతే నొక్కినప్పుడు తెల్లబడుద్ది, ఇది తెల్లబడట్లా. పుండు మొదలయ్యేది ఇట్లాగే" అంది. ఆ రోజే ఎయిర్ బెడ్, అంటే పుండ్లు పడకుండా పంపుతో గాలి నింపే పరుపు, వచ్చింది, మచ్చ పుండు కాకుండానే తగ్గిపోయింది. నర్సింగ్ చదవలేదు ఆవిడ. ఏడేళ్ళు అత్తగారికి చేసిందట, అంతే.

ఇక అసలు విషయం, ఆస్తి కాగితాలు. దీని గురించి ఇక్కడ రాయాలా వద్దా అని ఆలోచించాను. నాన్నే రాయమన్నారు.

నాన్న ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే చుట్టాల్లో సగంమంది చెప్పిన మాట ఒకటే: "ఇప్పుడే పిల్లల పేర్న సెటిల్‌మెంట్ రాసేయండి, ఖర్చు తక్కువ, తర్వాత తలనొప్పి ఉండదు." మంచి మనసుతోనే చెప్పారు, కాదనను. అప్పుడు మా వీధి చివర ఉండే బాబాయిగారు, చాలా ఏళ్ళు డాక్యుమెంట్ రైటర్‌గా చేసి మానేసినాయన, నాన్నని చూడ్డానికి వచ్చి ఈ మాట విని కాఫీ కప్పు పక్కన పెట్టేశారు. "మాస్టారూ, సెటిల్‌మెంట్ రిజిస్టరయితే ఆస్తి ఈ రోజే చెయ్యి దాటిపోద్ది. వీలునామా అయితే మీరున్నంత కాలం మీదే, రేపు మనసు మారితే చింపేసి ఇంకోటి రాసుకోవచ్చు" అన్నారు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో చట్టం వచ్చింది కదా, చూడకపోతే తిరిగి తీసుకోవచ్చు కదా అని నేనడిగాను. వచ్చింది, కానీ చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులో ఉందా లేదా అన్న దగ్గరే పేచీ మొదలవుతుందని, ఆ ఫిర్యాదులు వినే ఆర్డీఓ ఆఫీసు మెట్ల మీద కూర్చున్న ముసలివాళ్ళని తాను చూశానని చెప్పారు. నేనూ అన్నయ్యా చూడకుండా వదిలేస్తామని కాదు. ఆ మాట ఆయనే అన్నారు, మా మొహాలు చూసి.

తర్వాత కొన్ని సాయంత్రాలు నాన్న మంచం పక్కనే కూర్చుని కాగితం తయారుచేశారు. పైసా తీసుకోలేదు. వీలునామాకి స్టాంప్ డ్యూటీ ఉండదనీ, తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుందనీ, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదనీ నాకు ఆయన చెప్పేదాకా తెలియదు. ఇద్దరు సాక్షులు మాత్రం తప్పకుండా ఉండాలి, నాన్న వేలిముద్ర వేయడం వాళ్ళు కళ్ళారా చూసి సంతకం చేయాలి, ఆస్తి దక్కేవాళ్ళు సాక్షులుగా ఉండకుండా చూసుకోవాలి. సాక్షులు నాన్నకన్నా వయసులో చిన్నవాళ్ళయితే మంచిది, రేపు కోర్టుకి వెళ్ళాల్సి వస్తే చెప్పడానికి వాళ్ళు ఉండాలి కదా. నాన్న శిష్యులిద్దరు ముందుకొచ్చారు. ఒకరు బ్యాంకులో, ఒకరు కిరాణా కొట్టు. థాంక్స్ తమ్ముళ్ళూ.

ఇల్లు నాన్న స్వార్జితం, అంటే సొంత సంపాదన. దాని మీద అమ్మకి బతికున్నంత కాలం అనుభవించే హక్కు మాత్రం రాసి, తర్వాత పిల్లలకి అని పెడదామని పెద్దలు అన్నారు, మామూలుగా అందరూ రాసేది అదేనట. బాబాయిగారు ఒప్పుకోలేదు. "రేపు ఆవిడకి ఆపరేషన్‌కి డబ్బు కావాలంటే ఇల్లు తాకట్టు పెట్టడానికి కూడా పిల్లల సంతకాలు అడగాలా? ఇచ్చేదేదో సర్వహక్కులతో ఇవ్వండి" అన్నారు. నాన్న ఎడం చేత్తో మంచం మీద కొట్టి సరే అన్నారు. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఫోన్‌లో వింటున్న అన్నయ్య, అదే కరెక్ట్ అన్నాడు. ఆ ఒక్క మాటకి అన్నయ్యకీ ఇక్కడ థాంక్స్ చెప్తున్నా, ఇంట్లో చెప్పుకోం కదా.

పొలం సంగతి వేరే. తాతముత్తాతల నాటి ఉమ్మడి పొలం, అన్నదమ్ముల పంపకాల్లో నాన్న వాటాకి వచ్చింది. కాబట్టి అందులో నాన్న, అన్నయ్య, నేను ముగ్గురం సమానమే, నాన్న తన మూడో వంతు వరకే రాయగలరని బాబాయిగారు తేల్చేశారు. "ఆడపిల్లకి కట్నం ఇచ్చి పంపాం కదా" అని ఒక మావయ్య నసిగాడు. ఆడపిల్లకి వాటా అన్నది కేంద్రం 2005లో దేశమంతా తెచ్చింది, మన ఆంధ్రాలో రామారావు గారి హయాంలోనే పెళ్ళికాని ఆడపిల్లలకి 1985 సెప్టెంబర్ నుంచి ఇచ్చారు, 2020లో సుప్రీంకోర్టు పుట్టుకతోనే హక్కని మళ్ళీ చెప్పింది, అంటూ బాబాయిగారు ఒక్కొక్కటీ వేలు మడిచి చెప్తుంటే మావయ్య కాఫీ అడిగాడు.

తప్పనిసరి కాకపోయినా వీలునామాని రిజిస్టర్ చేయిద్దామనుకున్నాం, కానీ నాన్న రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళలేరు. అలాంటివాళ్ళ కోసం సబ్ రిజిస్ట్రార్ ఇంటికి వచ్చే వీలు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉందట. దరఖాస్తు, మతి స్థిమితంగా ఉందని డాక్టర్ సర్టిఫికెట్, ఫీజు. సబ్ రిజిస్ట్రార్ గారు వచ్చి, మమ్మల్నందరినీ బయటికి పంపి, నాన్నతో విడిగా మాట్లాడి, తర్వాత పిలిచి కాగితం మొత్తం గట్టిగా చదివించారు. పొలం హద్దులు చదువుతుంటే నాన్న చెయ్యెత్తి ఆపారు. వంకర పోయిన మూతితో, ముక్క ముక్కగా, "ఉత్తరం... డొంక కాదు. కాలవ" అన్నారు. బాబాయిగారు పాత దస్తావేజు తీసి చూస్తే కాలవే. సబ్ రిజిస్ట్రార్ గారు నవ్వి, "మాస్టారికి డాక్టర్ సర్టిఫికెట్ ఎందుకండీ" అన్నారు. దిద్దిన చోట కూడా నాన్న చేత ముద్ర వేయించి, ఎడమ బొటనవేలు తానే తుడిచి వెళ్ళారు. సర్, మీరు ఈ పోస్ట్ చూడకపోవచ్చు, అయినా మీకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. నాన్న ఉన్నంత కాలం వీలునామా నకలు ఆఫీసులో ఇంకెవరికీ ఇవ్వరని కూడా మీరు చెప్తేనే తెలిసింది, అమ్మ సగం టెన్షన్ అక్కడే పోయింది.

బ్యాంకు పనులన్నీ శిష్యుడే చూశాడు. ఎఫ్‌డీలన్నిటికీ నామినీ ఉందా లేదా చూసి, నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, వారసత్వం వీలునామాని బట్టి అని అమ్మకి అర్థమయ్యేదాకా చెప్పాడు. పింఛను లైఫ్ సర్టిఫికెట్‌కి నాన్నని కుర్చీలో మోసుకెళ్ళాలేమో అని భయపడుతుంటే, ఫోన్ కెమెరాలో ముఖం చూపిస్తే చాలని జీవన్ ప్రమాణ్ యాప్‌లో నిమిషాల్లో అయిపోగొట్టాడు.

అన్నట్టు అమ్మ కూడా వీలునామా రాసేసింది. "ఆయనకే ఉంటదా ఏంటి" అని. ఆవిడ ఆస్తి ఒక కాసులపేరు, నాలుగు గాజులు. ఎవరికి రాసిందో చెప్పట్లేదు, మా అమ్మాయి మాత్రం రోజూ వీడియో కాల్‌లో అమ్మమ్మని తెగ పలకరిస్తోంది.

నాన్న ఇప్పుడు వాకర్ పట్టుకుని వరండా దాకా వస్తున్నారు. ఎయిర్ బెడ్, పంపుతో సహా, ఖాళీగా ఉంది. మాకిచ్చినాయన తిరిగి తీసుకోనన్నారు, అవసరమైన ఇంకొకరికి ఇవ్వమన్నారు. తెనాలి, దుగ్గిరాల, వేమూరు వైపు ఎవరింట్లోనైనా మంచాన ఉన్నవాళ్ళుంటే నాకు మెసేజ్ పెట్టండి, డబ్బులేమీ వద్దు. పంపు కాస్త చప్పుడు చేస్తుంది, కింద మడిచిన దుప్పటి వేస్తే తగ్గుతుంది.