మార్చి వార్తాలేఖ: నీళ్ల సీసా నిండుగా ఇంటికి తిరిగి రాకూడదు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సోమవారం ప్రార్థనలో తొమ్మిదో తరగతి అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయిన సంగతి మధ్యాహ్నానికల్లా శ్రీకాకుళం అంతా పాకింది. "ఎండలో నిలబెట్టి శిక్ష వేశారట" అని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. శిక్ష ఏమీ లేదు. పిల్లలంతా వేపచెట్ల నీడలోనే ఉన్నారు. పాప ముందు రోజు సాయంత్రం నుంచి నీళ్లు సరిగా తాగలేదు, పొద్దున్న టిఫిన్ తినకుండా టీ తాగి ఆటో ఎక్కింది. ఓఆర్‌ఎస్ పట్టించి డాక్టర్ గారికి చూపించాం. ఇప్పుడు కులాసాగా క్లాసుకి వస్తోంది. వాళ్ల అమ్మగారు సరేనన్నాకే ఇది రాస్తున్నాను. కొందరు దీన్ని మన జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బుతో ముడిపెడుతున్నారు. ఆ జబ్బుకు ఫలానాదే కారణమని పరిశోధకులే ఇంకా తేల్చలేదు, దయచేసి పిల్లల్ని భయపెట్టకండి.

ఎందుకు తాగలేదని అడిగితే ఆ పాప, "తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి కదా మేడమ్" అంది. ఈ మాట చాలామంది ఆడపిల్లల నోట విన్నాను. పొద్దున్న ఏడింటి నుంచి బడి వదిలేదాకా ఆపుకుంటారు, నెలసరి రోజుల్లో మరీ. నీళ్లు తగ్గితే తలనొప్పి, మలబద్ధకం, పాఠం బుర్రకెక్కదు. ఆపుకుంటే మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, నీరూ ఉప్పూ మాత్రం పోతూనే ఉంటాయి. అలాంటిది అమ్మలే "దారిలో ఇబ్బంది, ఎక్కువ తాగకే" అని చెప్పి పంపుతుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. క్లాసు మధ్యలో ఏ పాప చెయ్యెత్తినా కారణం అడగకుండా పంపమని టీచర్లందరికీ చెప్పాను. తలుపులకు కొత్త గడియలు వేయించాం.

2019లో కేరళ బడుల్లో మొదలైన వాటర్ బెల్, అంటే నీళ్లు తాగమని గుర్తుచేసే గంట, మన దగ్గరా రోజుకు మూడుసార్లు మోగుతోంది. అది కొట్టే ఆరో తరగతి బాబు ఒక్క నిమిషం ఆలస్యం చేయడు, బెంచీ బెంచీకీ వెళ్లి సీసా ఎత్తి చూస్తాడు! ఎనిమిదో తరగతి అమ్మాయిలు మూత్రం రంగుల పట్టిక గీసి బాత్రూమ్ తలుపుల వెనక అంటించారు. లేత గడ్డిరంగైతే మంచిది, ముదురు పసుపైతే వెంటనే నీళ్లు తాగాలి. సరైన రంగు కోసం పసుపులో టీ డికాక్షన్ చుక్క చుక్కా కలిపి చూశారు. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

మీకు పిల్లల మీద ప్రేమ లేదని ఎవరంటారు? కానీ సీసాల్లో కూల్‌డ్రింకులు దొరుకుతున్నాయి. దాహానికి అవి పనికిరావని మళ్లీ మళ్లీ చెప్పాల్సి రావడం బాధగా ఉంది. మంచినీళ్లే పంపండి. తొమ్మిది నుంచి పదమూడేళ్ల పిల్లలకు పాలు, మజ్జిగ, తిండిలోని నీటితో కలిపి రోజుకు సుమారు 2 లీటర్లు కావాలి. టిఫిన్‌కి టైం లేకపోతే చోడి (రాగి) అంబలి ఒక గ్లాసు చాలు, అదీ కుదరదంటే ఎలా? ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ని గ్లాసులో కొంచెం కొంచెం కలపకండి, మొత్తం ఒకేసారి, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో (పెద్ద ప్యాకెట్ అయితే లీటరు) కలపాలి.

టెన్త్ హాల్ టికెట్లు శుక్రవారం ఇస్తాం. ఫీజు బకాయిలు నెలాఖరులోగా కట్టండి. ఒంటిపూట బడి కాబట్టి బస్సు ముందే వస్తుంది.

శనివారం మీటింగ్‌కి అమ్మలు తప్పకుండా రండి. ముందు ఆడపిల్లల బాత్రూమ్‌లు చూపిస్తాను. కుళాయి రాకపోయినా, గడియ పడకపోయినా అక్కడికక్కడే నాతో చెప్పండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు