డ్రమ్‌హెల్లర్ చలికాలం ట్రిప్పు: 40 డాలర్లు ఎందుకు వెనక్కి పంపుతున్నానంటే

పోయిన శనివారం మాతో కెనడాలోని క్యాల్గరీ నుంచి డైనోసార్ల ఊరు డ్రమ్‌హెల్లర్ వచ్చిన పదకొండు మందికీ, ఫిబ్రవరి ట్రిప్పుకి ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లకీ ఈ ఉత్తరం. మనిషికి 95 డాలర్లు తీసుకున్నాను, శనివారం వచ్చినవాళ్లకి అందులో 40 వెనక్కి పంపుతున్నాను. ఎవరూ అడగలేదు. కానీ నేను చేసిందేమిటంటే, వేసవి ట్రిప్పుకి స్వెటర్ తొడిగి చలికాలం ట్రిప్పని అమ్మాను. హార్స్‌షూ కెన్యన్ దగ్గర బండి దిగిన అయిదు నిమిషాలకే ఆ సంగతి నాకు తెలిసిపోయింది.

ఆ పొద్దున మైనస్ 23. క్యాల్గరీలో గాలి లేదు కదా, పర్లేదులే అనుకున్నాం. ఊరు దాటి 9వ నంబరు రోడ్డెక్కాక అంతా బయలే, గాలికి అడ్డంగా ఒక చెట్టు కూడా ఉండదు. దానికి తోడు అద్దెకి తెచ్చిన వ్యాన్‌లో వెనక హీటర్ పని చేయలేదు. ముందురోజు బండి తెచ్చుకునేటప్పుడు ముందు సీట్లో కూర్చుని వెచ్చగానే ఉందనుకున్నాను గానీ వెనక్కెళ్లి చెయ్యి పెట్టి చూడలేదు. పెద్దవాళ్లు గంటన్నర సేపు శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. బండి ఇచ్చినవాళ్లని అని ఏం లాభం, చూసుకోవాల్సింది నేను.

కెన్యన్ మాత్రం చలికాలమే చూడాలి, ఈ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. బల్లపరుపు పొలం కాస్తా ఉన్నట్టుండి కాళ్ల ముందు తెగిపోతుంది. వేసవిలో అంతా ఒకే మట్టిరంగులా కనిపించే గుట్టల మీద మంచు గీతలు గీతలుగా నిలిచి, పొరకి పొర విడిగా తెలుస్తుంది. అయితే నేను పోస్టర్‌లో రాసింది చూడటం గురించి కాదు, కిందికి దిగడం గురించి. మెట్ల మీద ఐస్ గడ్డకట్టి ఉంది. కోడలి కాన్పుకి వచ్చిన ఆంటీ ఒకరు నాలుగు మెట్లు దిగి, ముందుకీ వెనక్కీ కదల్లేక నిలబడిపోయారు. మా ఆయన వెళ్లి చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కించుకొచ్చారు. ఆంటీ నవ్వేశారు, నాకు మాత్రం నవ్వు రాలేదు.

"చినూక్ గాలి వీచి ఎండ కాసిన రోజు తీసుకెళ్లొచ్చుగా?" అని ఇద్దరు అడిగారు. చినూక్ అంటే చలికాలంలో కొండల వైపు నుంచి వీచి మంచు కరిగించే వెచ్చటి గాలి. ఆ రోజుల్లో ఇంకా ప్రమాదం. ఈ మట్టిలో బెంటొనైట్ అనే బంకమట్టి ఉంటుంది, కోట్ల ఏళ్ల కిందటి అగ్నిపర్వతాల బూడిద అలా మారింది. తడిస్తే ఉబ్బి సబ్బులా జారుతుంది. మంచు కరిగిన రోజున ఈ గుట్టల మీద కుర్రాళ్లకే కాలు నిలవదు.

ఇక అసలు బాధ. పోస్టర్‌లో అట్లాస్ బొగ్గు గని ఫోటో పెట్టాను. ఆ గని చలికాలం మూసేస్తారు. రోడ్డు మీది నుంచి దాని పాత చెక్క కట్టడం కనిపిస్తుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వచ్చినవాళ్లలో కొత్తగూడెం అంకుల్ ఒకరు, సింగరేణిలో పనిచేసి రిటైర్ అయ్యారు. ఆయన డైనోసార్ల కోసం కాదు, ఆ గని కోసమే వచ్చారు. అది నాకు గని ఉన్న ఈస్ట్ కూలీ చేరాక, ఆయన మూసిన గేటు దగ్గర నిలబడ్డాక తెలిసింది.

అయినా ఆ రోజు నాకంటే మంచి గైడు ఆయనే. కెన్యన్ గోడలో నల్లటి గీత చూపించి "ఇది బొగ్గు పొర బిడ్డా, సన్నగున్నది, మా దగ్గరైతే దీన్ని ఎవ్వరు ముట్టరు" అన్నారు. ఈ లోయలో 1911 నుంచి 1979 దాకా వందకు పైగా గనులు నడిచాయి. అసలు ఇక్కడి రాయల్ టిరెల్ డైనోసార్ మ్యూజియానికి ఎవరి పేరు పెట్టారో ఆ జోసెఫ్ టిరెల్ కూడా 1884లో ఇక్కడికి బొగ్గు వెతుక్కుంటూ వచ్చిన కెనడా జియలాజికల్ సర్వే మనిషే. బొగ్గుతో పాటు ఒక డైనోసార్ పుర్రె దొరికింది, 1905లో దానికి ఆల్బర్టోసారస్ అని పేరు పెట్టారు. ఇది చెప్తుంటే అంకుల్ ఆపి, ఇల్లందు దగ్గర 1871లో బొగ్గు కనిపెట్టిన కింగ్ దొర కూడా మన జియలాజికల్ సర్వే ఆయనే అన్నారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ ఎముకలు ఆదిలాబాద్ వైపు యామనపల్లిలో దొరికాయని, అదీ తమ గోదావరి లోయేనని కూడా చెప్పారు. వ్యాన్‌లో పిల్లలు నా మాట వదిలేసి ఆయన చుట్టూ చేరారు.

పులిహోర హూడూల దగ్గర, అంటే తల మీద టోపీలా రాయి ఉన్న మట్టి స్తంభాల దగ్గర, బయట కూర్చుని తిందామని ప్లాన్ వేసిన మహానుభావురాలిని కూడా నేనే. డబ్బా మూత తీసేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. అందరం వ్యాన్‌లోకి ఎక్కి, అద్దాలకి ఆవిరి పట్టేలా కూర్చుని తిన్నాం.

ఇవన్నీ తిరిగి మ్యూజియం చేరేసరికి మూడున్నర, అయిదింటికి మూసేస్తారు. అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. బోరియలోపెల్టా అనే డైనోసార్ శిలాజం ముందు మనం నిలబడింది ఎంతసేపు? అయిదు నిమిషాలు కూడా లేదు. 2011లో ఫోర్ట్ మెక్‌మరీ దగ్గర ఆయిల్ శాండ్స్ గనిలో యంత్రం నడిపే ఆయన కంటపడిన డైనోసార్ అది. ఎముకలే కాదు, ఒంటిమీది కవచం, చర్మం కూడా ఉన్నవి ఉన్నట్టే రాయైపోయాయి. మార్క్ మిచెల్ అనే ఆయన ఏళ్ల తరబడి, దాదాపు 7,000 గంటలు, చుట్టూ ఉన్న రాయి తొలిచి దాన్ని బయటపెట్టారు. దాని పూర్తి పేరులో ఆయన పేరూ ఉంది. అంత పనిని మనం "పదండి పదండి" అంటూ దాటేశాం.

ఫిబ్రవరి నుంచి ఇలా. పొద్దున ఎనిమిదిన్నరకి బయల్దేరి, కెన్యన్ దగ్గర పై అంచున పావుగంట మాత్రమే ఆగుతాం, కిందికి ఎవరినీ దిగనివ్వను, బతిమాలినా సరే. అక్కడి నుంచి నేరుగా మ్యూజియం, మూడు గంటలకి తగ్గకుండా. రోడ్డు బాగుంటేనే హూడూలు. ఊళ్లోని 86 అడుగుల టీరెక్స్ బొమ్మ కాళ్ల దగ్గర ఫోటో దిగుతాం, లోపలి 106 మెట్లు ఎక్కాలనుకునేవాళ్లు ఎక్కొచ్చు. బొగ్గు గని ఫోటో పోస్టర్ లోంచి తీసేశాను, వేసవిలో గని తెరిచాకే మళ్లీ పెడతాను. ధర 70 డాలర్లు. ఇప్పటికే 95 కట్టినవాళ్లకి తేడా ఈ వారంలోనే పంపిస్తాను. బూట్లు గట్టివి వేసుకురండి, స్పోర్ట్స్ షూస్‌తో వస్తే కెన్యన్ దగ్గర బండి దిగనివ్వను. వ్యాన్ మారింది. ఈసారి వెనక సీట్లో కూర్చుని అరగంట తిప్పించి చూశాను.

కొత్తగూడెం అంకుల్‌కి పూర్తి డబ్బు పంపితే తిప్పి పంపేశారు. మార్చిలో ఇండియా వెళ్లిపోతున్నారు, అప్పటికి గని తెరవరు. ఫిబ్రవరి ట్రిప్పులో నా పక్క సీటు ఆయనకి ఉంచాను, వస్తానన్నారు. కెన్యన్ దగ్గర పొరల గురించి ఆయనే చెప్తారు.