పదేళ్ల వారంటీ ట్రాంపొలిన్ రెండో వానాకాలానికే విరిగింది: కంపెనీకి ఫిర్యాదు లేఖ

హనుమకొండ

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: మీ దగ్గర కొన్న 12 అడుగుల గార్డెన్ ట్రాంపొలిన్ (పిల్లలు ఎగిరి ఆడుకునే స్ప్రింగుల మ్యాట్) ఫ్రేమ్ విరగడం, చుట్టూ ఉండే వల కుట్లు విడిపోవడం, వారంటీ వర్తించదని మీరు అనడం గురించి.

ఆర్యా,

"ఎండకూ వానకూ తట్టుకుంటుంది, ఏడాది పొడవునా ఆరుబయటే ఉంచవచ్చు, ఫ్రేమ్‌కు పదేళ్ల వారంటీ" అని మీ వెబ్‌సైట్‌లో చదివి పిల్లల కోసం ఈ ట్రాంపొలిన్ తెప్పించాం. నిరుడు ఎండాకాలం సెలవుల ముందు ఇంటికి వచ్చింది. ఈ మధ్య వానలు తెరిపి ఇచ్చాక మా పాప ఎగురుతుంటే, ఒక కాలు పై రింగుకు కలిసే చోట జాయింట్ విరిగి మ్యాట్ ఒక పక్కకు ఒరిగింది. పాప జారి వల మీద పడింది. అలా పడితే ఆపడానికే కదా ఆ వల ఉన్నది? అది కుట్టు వెంట నిలువునా విడిపోయింది. కింద గడ్డి ఉండబట్టి మోచెయ్యి గీరుకోవడంతో సరిపోయింది.

ఫోటోలు, బిల్లు పెట్టి మీ కస్టమర్ కేర్‌కు రాస్తే వచ్చిన జవాబు ఇది: తుప్పు వాతావరణం వల్ల సహజంగా వచ్చే అరుగుదల, అది వారంటీ కిందికి రాదు, వలను కోతులు చింపి ఉంటాయి. ఆ వెంటనే కంప్లైంట్‌ను "పరిష్కరించబడింది" అని మూసేశారు. ఎవరి సమస్య పరిష్కారమైందో మరి.

ఆరుబయట నిలబెట్టే ఇనుప ఫ్రేమ్‌కు తుప్పు కాక ఇంకే జబ్బు వస్తుంది? తుప్పును పక్కన పెడితే ఆ పదేళ్ల వారంటీలో మిగిలేది ఏమిటి? ఈ మినహాయింపు అమ్మకం పేజీలో లేదు. పెట్టెలో వచ్చిన మాన్యువల్ చివర్లో, భూతద్దం పెట్టి చూడాల్సినంత చిన్న అక్షరాల్లో ఉంది.

విరిగిన ముక్కను మా వీధి చివర వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లాను. గ్రైండర్‌తో కొంచెం గీకగానే ఆయన, "ఇది జీఐ (జింకు పూత) పైపు కాదు సార్, మామూలు ఇనుప పైపు మీద వెండి రంగు కొట్టిన్రు" అన్నాడు. మీ పేజీలో "లోపలా బయటా జింకు పూత, పైపు మందం 2 మిల్లీమీటర్లు" అని ఉంది. మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూస్తే తుప్పు పట్టని చోట కూడా 1.2 దాటలేదు. అసలు తుప్పు బయటి నుంచి రాలేదు. స్ప్రింగులు తగిలించే బెజ్జాల్లోంచి వాన నీళ్లు పైపులోకి దిగుతున్నాయి. అక్కడి నుంచి నేల మీద ఆనే వంపు పైపులోకి చేరుతున్నాయి. అవి బయటికి పోవడానికి అడుగున ఒక్క రంధ్రం కూడా పెట్టలేదు. ఆ కాలు బోల్టు విప్పితే చిక్కటి టీ రంగు నీళ్లు, తుప్పు పెచ్చులతో సహా కారాయి. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. పైపు కోసి, బెజ్జాలు వేసి, వెల్డింగ్ అయ్యాక మొత్తాన్ని కరిగిన జింకులో ముంచి తీస్తే లోపలి గోడలకూ పూత పడుతుంది. పైన రంగు కొట్టడం చౌక. చౌక వస్తువు అమ్మితే తప్పేం లేదు, కానీ దానికి ఖరీదైన వస్తువు పేరు పెట్టకూడదు.

ఇక కోతుల సంగతి. హనుమకొండలో కోతులు లేవని నేనేం అనను. మా పెరట్లో జామచెట్టుకు ఒక్క కాయ మిగలదు. అయితే కోతి చింపితే వల నడుమ గుడ్డ చినగాలి. ఇక్కడ గుడ్డ బాగానే ఉంది, పోయింది కుట్టు దారం. దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపితే పిండిలా రాలుతోంది. అదీ పడమటెండ తగిలే వైపు మాత్రమే. గోడ నీడ పడే వైపు దారం లాగినా తెగడం లేదు. కోతులు ఎండ వైపు కుట్లనే ఏరి చింపుతాయా? ఎండలోని అతినీలలోహిత కిరణాలకు తట్టుకునే రసాయనం కలపని దారం ఇలాగే పొడిబారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర 40 డిగ్రీలు దాటడం ఏటా ఉన్నదే. మా మేడ మీద మొక్కలకు కట్టిన గ్రీన్ నెట్ మీ వలకన్నా ముందు కొన్నది, ధరలో దానికి ఏ మూలకూ రాదు. అదింకా బిగువుగా ఉంది.

వానాకాలంలో విప్పి లోపల పెట్టుకోవాల్సిందని కూడా మీ ప్రతినిధి సలహా ఇచ్చారు. 72 స్ప్రింగులు కొక్కెంతో ఒక్కొక్కటే లాగి విప్పి, వాన వెలిశాక మళ్లీ బిగించాలా? మా అత్తమ్మ విని, "గంతగనం కష్టపడి దాచుడైతే బయట పెట్టేదెందుకు, బీరువల పెట్టుకుంటే అయిపాయె" అంది.

ఇంకొక మాట. ఒకేసారి ఒక్కరే ఎగరాలని మీ మాన్యువల్‌లో ఉంది. అది సరైన నియమమే. ఇద్దరు ముగ్గురు కలిసి ఎగిరినప్పుడే దెబ్బలు ఎక్కువ తగులుతాయని, ఆరేళ్లలోపు పిల్లలను ఎక్కించకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఎప్పటి నుంచో చెబుతోంది. మా ఇంట్లో ఇద్దరు పిల్లలూ వంతులవారీగానే ఎక్కుతారు. మరి మీ పెట్టె మీది ఫోటోలో నలుగురు పిల్లలు ఒకేసారి గాల్లో ఉన్నారు, అందులో ఒకరికి మూడేళ్లు కూడా ఉండవు. ఆ బొమ్మ మార్చండి.

పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. మీ పెట్టె మీద ఆ మార్కు లేదు. ఇళ్లలో వాడే ట్రాంపొలిన్‌లకు యూరప్‌లో ఈఎన్ 71-14 అనే ప్రమాణం ఉంది, దాని ప్రస్తావనా లేదు. మీ లెక్కలో ఇది బొమ్మా, క్రీడా సామగ్రా? ఏ ప్రమాణం కింద, ఏ ల్యాబ్‌లో పరీక్ష చేయించారు? ఆ రిపోర్టు కాపీ పంపండి. పైపు మందం, పూత రకం, వల దారం గురించి మీ పేజీలో రాసినవి సరిదిద్దండి. పిల్లల కోసం గట్టిది ఏదో ఎంచుకోవాలని చూసే తల్లిదండ్రులకు ఆ వివరాలే ఆధారం.

నాకు కొత్త కాలు, కొత్త వల అక్కర్లేదు. మిగతా కాళ్లలోనూ అవే నీళ్లు నిలిచి ఉన్నాయి. నేను కట్టిన మొత్తం డబ్బు వాపసు ఇచ్చి, ట్రాంపొలిన్‌ను మీ ఖర్చుతో తీసుకెళ్లండి. విరిగిన జాయింట్, ఆ దారం ముక్క మాత్రం నా దగ్గరే ఉంటాయి.

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరులో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. కొన్నవారు ఉండే ఊళ్లోనే కేసు వేసే వీలు ఆ చట్టంలో ఉంది, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. కాబట్టి వాయిదాలకు మీరే ఇక్కడికి రావాల్సి వస్తుంది.

జతపరిచినవి: బిల్లు, వారంటీ కార్డు, మీ అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్లు, విరిగిన జాయింట్‌వీ వలవీ ఫోటోలు, బోల్టు విప్పినప్పటి వీడియో.

ఇట్లు,
మీ కొనుగోలుదారు